ఏడో అంశం

మా క్లబ్బులో నాకు వెనకాల ఒక పేరుండేది. నోటీసు బాబు. వినపడితే ఒళ్లు మండేది కాని, అబద్ధం కాదు గనక ఏమీ అనలేకపోయేవాణ్ణి. సరిహద్దు అవతల కిరండూల్‌లో ఇనప గని ఉద్యోగుల టౌన్‌షిప్‌లో ఆ క్లబ్బుకి మూడేళ్లు సెక్రటరీగా చేశాను. అదేం పెద్ద హంగుల క్లబ్బు కాదు. ఒక బాడ్మింటన్ కోర్టు, క్యారమ్స్ గది, మీటింగులకీ విందులకీ ఒక హాలు, వెనక వంటిల్లు. నాకు ముందు చేసినవాళ్లు ఏం కొన్నారో, ఏం అమ్మారో, వచ్చే ఏడు ఏం కడతారో మెంబర్లకి తెలిసేది కాదు. నేను రాగానే పట్టుబట్టి నెలనెలా అన్నీ నోటీసు బోర్డుకెక్కించాను, గ్యాస్ బండల లెక్కతో సహా. హిందీ, ఇంగ్లిషు టైపు చేయించి, తెలుగు మాత్రం నా చేత్తో రాసేవాణ్ణి. కొండ మీంచి ఎర్ర దుమ్మొచ్చి బోర్డు అద్దం మీద పేరుకుంటుంది కదా, వెళ్లేటప్పుడోసారి వచ్చేటప్పుడోసారి రుమాలుతో తుడిచేవాణ్ణి. "ఎవడు చదువుతాడండీ ఇవన్నీ?" అని నవ్వేవారు. చదవకపోతే మీ ఖర్మ అనేవాణ్ణి. అంత పొగరు నాకు.

అలాంటివాణ్ణి, పన్నెండు రోజులు ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరిగాను.

అది మా వంట మేస్త్రీ సంగతి. మేస్త్రీది సరిహద్దులో ఉన్న కోంటా వైపు. ఇరవై ఏళ్లకి పైగా ఆ వంటిల్లు ఆయనదే. దానికి ఆనుకుని ఉన్న రేకుల గదిలో ఆయనా, ఆయన భార్యా కాపురం. క్లబ్బు ఇచ్చే జీతం చెప్పుకునేంత కాదు, అద్దె లేని ఆ గది ఉంది కాబట్టి నెట్టుకొచ్చేవారు. కూరగాయల బండి ఆమెతో అక్కడి హల్బీ, ఆఫీసర్లతో హిందీ, నాతో తెలుగు. ఒడియావాళ్లింట్లో విందైతే దాల్మా, మనవాళ్లదైతే గోంగూర మాంసం, ఎవరి నాలిక సంగతి వాళ్లకంటే ఆయనకే బాగా తెలుసు.

క్లబ్బు ప్రెసిడెంటు మా డిపార్టుమెంటు పెద్ద సారే. ఏడాది చివర నా పనితీరు మీద రిపోర్టు రాసేది ఆయనే, ఆ ఏడు నా ప్రమోషను ఆ రిపోర్టు మీదే ఆధారపడి ఉంది. కమిటీ మీటింగులో ఆయన చెప్పిన ప్లాను ఇదీ: పాత వంటిల్లు పడగొట్టాలి, రేకుల గది కూడా. కొత్తది కట్టి జగ్దల్‌పూర్ కాంట్రాక్టరుకి అప్పజెప్పాలి. వండేది కాంట్రాక్టరు మనుషులే. మేస్త్రీకి ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపించాలి.

"ఎజెండాలో ఏడో అంశం, వంటగది ఆధునికీకరణ అని రాసెయ్, చాలు" అన్నాడు హిందీలో. "వివరాలు జనరల్ మీటింగులో గబగబా చదివెయ్. ముందే పొక్కితే గొడవ."

"జీ సార్" అన్నాను. అంతే. అలాగే రాసి బోర్డుకెక్కించాను.

ఏడో అంశమే ఎందుకో నాకు తెలుసు. మా సర్వసభ్య సమావేశం ఆదివారం పదకొండుకి మొదలవుతుంది, ఒంటిగంటకి భోజనాలు. పన్నెండున్నర దాటాక వంటింట్లోంచి ఘుమఘుమలు హాల్లోకొచ్చాయంటే ఇక ఏం చదివినా ఒకటే కేక: "పాస్! పాస్!" చందా పెంచినా పాసే, దించినా పాసే. అంటే మేస్త్రీని సాగనంపే తీర్మానం మేస్త్రీ వంట వాసనకే పాసైపోవాలన్నమాట. ఎంత తెలివో చూడండి!

నోటీసు పెట్టిన మర్నాడే మేస్త్రీ కోర్టు దగ్గర నాకు ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సార్, కొత్త వంటిల్లు కడుతున్నరంట గదా! బోర్డు మీద ఉన్నదని సదివి చెప్పిండ్రు."

"ఆఁ... అనుకుంటున్నారు" అన్నాను.

"పొయ్యి గట్టు కొంచెం కిందికి పెట్టించుండ్రి సార్. మా ఇంటిదానికి నడుం లేస్తలేదు. పొగ పోయే గొట్టం గూడ పెట్టిస్తే కండ్లు బతుకుతయ్."

"చూద్దాంలే మేస్త్రీ" అన్నాను. చూద్దాంలే! ఛీ, ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. ఆయన నిలబెట్టి టీ ఇచ్చాడు, పుచ్చుకుని తాగాను కూడా. ఆ తర్వాత వంటింటి వైపు పోవడం మానేసి, చుట్టు తిరిగి కోర్టు గేటులోంచి వచ్చేవాణ్ణి.

మా ఆవిడ విజయనగరం మనిషి, ఏదీ నాన్చదు. "ఏటండీ, నాల్రోజుల్నించీ అన్నం కెలికి లేచిపోతన్నారు?" అని నిలదీసింది. చెప్పాను. అంతా విని, "చెప్పీండి ఆ మనిషికి. వేరే గదేనా వెతుక్కుంటాడు. మీకేటైపోద్ది? ప్రమోషనేనా పోద్ది?" అంది.

"ప్రమోషనంటే నీకంత చులకనా?" అని ఇంతెత్తున లేచాను. పక్క క్వార్టర్ వాళ్లు కిటికీ తీసి చూశారు. ఆవిడ నా కంచం తీసేసింది.

ఆదివారం పొద్దుట్నించీ ఒకటే వాన. హాలు అయినా నిండింది, భోజనం ఉంది కదా మరి. నేను జమాఖర్చులు చదివాను. పాస్. కోర్టుకి కొత్త లైట్లు. పాస్. నాలుగో అంశం దగ్గరికొచ్చేసరికి వేగిన ఉల్లిపాయల వాసన, ఆ వెనకే పులావు వాసన మొదలైంది. కుర్చీలు కిర్రుమంటున్నాయి. ప్రెసిడెంటు వాచీ వంక చూసి, కానీ కానీ అన్నట్టు నాకు వేలు ఆడించాడు. ఆరో అంశం చదువుతుండగా తలెత్తితే, వంటింటి గుమ్మంలో మేస్త్రీ. భుజాన తువ్వాలు, చేతిలో గరిటె. ఎప్పుడూ మీటింగు వైపు రాని మనిషి, తన వంటిల్లు సంగతి వినడానికి వచ్చాడు. తల దించి కాగితంలోకి చూశాను.

"ఏడో అంశం, వంటగది ఆధునికీకరణ" అన్నాను.

"పాస్!" అని వెనక నుంచి కేక.

ప్రెసిడెంటు అప్పుడే లేవబోతున్నాడు. నాకేమైందో తెలీదు, "ఆగండి! వినకుండా పాస్ ఏంటయ్యా?" అని అరిచేశాను. ఇక నోరు ఆగలేదు. పడగొట్టేది ఏంటో, కట్టేది ఏంటో, ఎంతవుతుందో, ఎవరి చేతికి పోతుందో, మేస్త్రీకి ఇచ్చేది ఎంతో, రేకుల గది ఉండదనీ, ఒక్కొక్క ముక్కా హిందీలో చెప్పి మళ్లీ తెలుగులో చెప్పాను. గుమ్మం వైపు మాత్రం చూడలేదు. ప్రెసిడెంటు చెవులు ఎర్రబడ్డాయి.

చెప్పేశాక నాకు ఎంత తేలికైందంటే! ఇక చూడు, ఇప్పుడు లేస్తారు, అనుకున్నాను. జనానికి తెలీక అన్యాయాలు జరుగుతాయి, తెలిస్తే జరగవు అని గట్టిగా నమ్మినవాణ్ణి.

ముందు వరసలో ఒకాయన లేచాడు. "కాంట్రాక్టరు ఇంటికి పార్సెల్ పంపుతాడా?" అని అడిగాడు.

ఇంకొకాయన, "హాల్లో ఏసీ కూడా వాళ్లే వేయిస్తారట, నిజమేనా?" అన్నాడు. ఒకావిడ, "పాపం, మేస్త్రీకి వేరే ఎక్కడైనా చూడండి" అంది. అవునవును, పాపం, పాపం అని నలుగురూ అన్నారు. ఇరవై ఏళ్లు ఆయన చేతి అన్నం తిన్న నోళ్లు!

ప్రెసిడెంటు తేరుకుని నవ్వాడు. "సెక్రటరీ గారు ఇంత వివరంగా చెప్పారు, సంతోషం. కాబట్టి చేతులెత్తించి లెక్కపెట్టి రాయండి" అన్నాడు. మా క్లబ్బులో చేతులెత్తడం అదే మొదలు.

ఒప్పుకునేవాళ్లు నలభై ఒకటి. రాసుకున్నాను. "వద్దనేవాళ్లు?" అన్నాను. చేతులు లేస్తుంటే ప్రెసిడెంటు వాళ్ల వంక చూడలేదు, కళ్లజోడు మీంచి నా వంకే చూస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టుకుంటూ పోయాను. పంతొమ్మిది. పుస్తకంలో రాసి, కింద గీత గీసి సంతకం పెట్టాను.

మేస్త్రీ గుమ్మంలో లేడు. భోజనాలు ఇక ఉండవనుకున్నాను, ఉండకపోతేనే బాగుండునని కూడా అనుకున్నాను. సరిగ్గా ఒంటిగంటకి బేసిన్లు వచ్చాయి. ఆయనే వడ్డించాడు, వరస తప్పకుండా, చెయ్యెత్తినవాళ్లకీ ఎత్తనివాళ్లకీ. నేను చివర్న కూచున్నాను. నా దగ్గరికొచ్చి వంగి, పులావు వేస్తూ నెమ్మదిగా అన్నాడు:

"మీరు సదవకపోతే నాకు తెల్వకనే పోవు సార్. సల్లగుండాలె మీరు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. "అయ్యో మేస్త్రీ, అది నా డ్యూటీ కదా" అన్నాను.

ఆయన కదల్లేదు.

"నేను గూడ అక్కడ్నుంచి లెక్కబెట్టిన సార్. పంతొమ్మిది. అండ్ల మీ చెయ్యి లేదు గదా?"

కంచం వంక చూస్తూ లేదన్నాను. ఆయన ఇంకో గరిటె వేసి, "తినుండ్రి సార్, సల్లారుతది" అని పక్క వరసలోకి వెళ్లిపోయాడు.