అసిరయ్య బండికి నావ చెక్కలు

కోటబొమ్మాళిలో మా వీధి గుండా వెళితే చేపల బండి మార్కెట్టుకు చేరడానికి మూడు నిమిషాలు. మేం వెళ్ళనివ్వకపోతే రైల్వే గేటు వైపునుంచి చుట్టూ తిరిగి రావాలి. గేటు పడిందంటే ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో కొనేవాళ్ళు ఇంకొకరి దగ్గర కొనేసి, ఇంటికి వెళ్ళి పులుసుకు చింతపండు నానేసుకుంటారు. ఈ సంగతి అసిరయ్యకు తెలుసు. మాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

అసిరయ్యది సముద్రం ఒడ్డు పల్లె. ముప్పై ఏళ్ళు చెక్కనావ మీద వేటకు వెళ్ళాడు. మోకాళ్ళు మొరాయించాక వేట మాని, పాత పికప్ బండి ఒకటి సంపాదించి, పల్లెలో పడిన చేపలు తెల్లారేసరికి తెచ్చేవాడు. భార్య కూర్మమ్మ మార్కెట్టులో కూర్చుని అమ్మేది. నేను ఆవిడ దగ్గర కొంటానన్న సంగతి దయచేసి మా వీధిలో చెప్పకండి.

బండి వెనక తలుపు అడుగంతా తుప్పు తినేసింది. ఐసు కరిగిన నీళ్ళు అక్కడినుంచి కారి వీధి పొడవునా గీత గీసేవి. ఎండెక్కితే ఆ గీత కంపు కొట్టేది. లక్ష్మీనరసింహం మాస్టారి ఇంటి ముందు స్పీడు బ్రేకరు ఉంది, అక్కడ చిన్న మడుగే కట్టేది. మాస్టారు రిటైరైన సంగీతం మాస్టారు. పొద్దున్నే అరుగు మీద వీణ పాఠం చెబుతారు.

ఒకరోజు ఆయన బండి ఆపించారు. "ఏమోయ్ అసిరయ్యా, మా గుమ్మాల్లో కళ్ళాపి చల్లడానికి ఆడవాళ్ళున్నారోయ్. నువ్వు చల్లక్కర్లేదు."

"ఏటి సెయ్యమంటారు బావూ. ఐసు కదా, కరక్క మానదు."

"కరగనీ. నీ బండిలోనే దాచుకో. ఒక్క చుక్క కింద పడకుండా దాటావా, ఈ వీధి నీదే. పడిందా, నువ్వే కడిగి, మళ్ళీ ఇటు రాకు."

అరుగుల మీదున్న వాళ్ళమంతా నవ్వాం. జరగని పని కాబట్టే మాస్టారు ఆ మాట అన్నారు. అసిరయ్య మాత్రం నవ్వలేదు. పెద్దమనిషి మాట ఇచ్చాడనుకున్నాడు పాపం.

తరవాతి కథ కూర్మమ్మ చెప్పింది. ఇంటికి వెళ్ళగానే బండి వెనక తలుపు ఊడబీకేసి, పెరట్లో బోర్లించి ఉన్న తన నావ మీద గునపం వేశాడట.

"నావనెందుకు మావా పీకతన్నావు? దాని మానాన అది ఉన్నాది కదా."

"ఊరికే పడుంటే సెదలు తింతాదే. బండికెక్కితే రోజూ తిరుగుతాది."

నాలుగు చెక్కలు తీసి, బండి వెడల్పుకు కోసి, తలుపు ఉండేచోట నడుమెత్తు వరకూ అడ్డంగా బోల్టులతో బిగించాడు. మార్కెట్టులో నీళ్ళు వదలడానికి ఒక మూల కొళాయి పెట్టాడు. సందుల్లో నూనెలో నానిన దూది తాడు బయటినుంచి ఉలితో కొట్టి కూరాడు. పైన గుగ్గిలం కాచి పూశాడు. నావకు ఎలా చేసేవాడో అచ్చం అలాగే. చివరికి చెక్కల మీద ఎర్ర రంగుతో 'వీధి పెద్దల దయ' అని రాయించాడు. మూడు రోజులు పట్టింది.

పరీక్ష కూడా చేశాడు. కూర్మమ్మను బండిలోకి ఎక్కించి, తను బయటినుంచి చెక్కల మీద బిందెలతో నీళ్ళు కొట్టాడు.

"వస్తన్నాదేటే?"

"లేదు."

"బాగా సూడు!"

"సూస్తన్నాను మావా. నా కోక పొడిగానే ఉన్నాది."

ఇరవై బిందెలు కొట్టినా ఒక్క చుక్క లోపలికి రాలేదు. మొగుడూ పెళ్ళాం మురిసిపోయారు.

మర్నాడు పొద్దున్న వీధి వీధంతా అరుగుల మీద కూర్చుంది. మాకు చూపించాలని అసిరయ్య మామూలుకన్నా రెట్టింపు ఐసు వేసుకొచ్చాడు. సగం వీధి దాటాక బండి ఆపి దిగాడు. "సూడండి బావూ, సుక్క లేదు."

నిజంగానే లేదు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. ఆయన మొహం మాడిపోయింది. ఆయన పరువు కాపాడాలని నా నోరు ఊరుకోలేదు. "అసిరయ్యా, స్పీడు బ్రేకరు ఇంకా దాటలేదు కదా!" అన్నాను.

అతను బండెక్కి ముందుకు పోనిచ్చాడు. ముందు చక్రాలు బ్రేకరు ఎక్కాయి. లోపల నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారి వెనక్కి వచ్చాయి. గుగ్గిలం పెచ్చు ఊడింది. దూది తాడు నాలుకలా వేలాడింది. కింది చెక్క ఒకటి విడిచింది. నీళ్ళూ ఐసూ కానాగంత చేపలూ కలిసి మాస్టారి వాకిట్లో ముగ్గు మీదికి దూకాయి.

నావకు నీళ్ళు బయట ఉంటాయి. సముద్రం నొక్కినకొద్దీ కూరిన దూది లోపలికి బిగుసుకుంటుంది. బండికి నీళ్ళు లోపల. లోపలికి రాకుండా ఆపడమే ముప్పై ఏళ్ళుగా తెలిసిన చేతులకు, బయటికి పోకుండా ఆపాలన్నది తట్టలేదు.

"మాకోసం సముద్రాన్నే తెచ్చావుటోయ్!" అన్నారు మాస్టారు. ఎంత నవ్వామో! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కబురంది కూర్మమ్మ ఆటోలో వచ్చింది. మాస్టారి భార్య త్రిపురసుందరిగారు చీపురు తెచ్చి దూరంనుంచే పడేశారు. "పాతదేలే, తిరిగివ్వక్కర్లేదు." బకెట్టు ఎవరూ ఇవ్వలేదు. చేపల ట్రేలతోనే మలుపులో కొళాయినుంచి నీళ్ళు మోసి వాళ్ళిద్దరూ వీధి కడిగారు. మేం కాఫీలు తాగుతూ చూశాం. "ఆ మూల వదిలేశావు" అని మాస్టారు రెండుసార్లు చూపించారు. వీణ పాఠం మాత్రం ఆగలేదు.

కడగడం అయ్యాక అసిరయ్య చేతులు కట్టుకున్నాడు. "తప్పు తెలిసినాది బావూ. లోపలినుంచి కూరతాను. ఇంకొక్కసారి..."

"మాట నీదీ నాదీను. నేను తప్పితే బాగుంటుందా?"

వారం తిరక్కుండా లోపలినుంచి కూరాడు. వీధి మొదట్లో నన్ను ఆపి, బండి నిండా నీళ్ళు పోసి, కావాలని కుదిపి చూపించాడు. చుక్క రాలలేదు. "మాస్టారికి మీరు సెప్పండి బావూ. మీ మాట ఇంతారు."

చెబుతానన్నాను. చెప్పలేదు. చెబితే, అంత పొద్దున్న చేపల బండి దగ్గర నీకేం పని అని వీధి అడుగుతుంది. మూడుసార్లు అడిగి, అసిరయ్య అడగడం మానేశాడు.

ఇప్పుడు కూర్మమ్మ ముందు చేపలు మిగిలిపోతుంటాయి. నన్ను చూస్తే మెత్తబడినదాన్ని ఒకదాన్ని ఎత్తి చూపిస్తుంది. "తీసుకోండి బావూ. మీ ఈధి పెద్దల దయే."

ఆఫీసుకు వెళుతూ ఒక్కోరోజు రైల్వే గేటు దగ్గర అతని బండి వెనకే ఇరుక్కుంటాను. ఎర్ర అక్షరాలు కళ్ళకెదురుగా ఉంటాయి. ఎండకు కాస్త వెలిశాయి. నా చూపు ఊరుకోక చెక్కల కిందికి పోతుంది. నేల పొడిగా ఉంటుంది. నిన్న అసిరయ్య అద్దంలో నన్ను చూసి, కిటికీలోంచి తల బయటపెట్టి, "బావూ" అంటూ ఏదో అనబోయాడు. అప్పుడే గేటు లేచింది.

నేను హారన్ కొట్టాను.