కోపానికీ మాత్రేనా?

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో కారంపూడి బడిలో పాఠాలు చెబుతున్నప్పుడు నాకు ముందు కీళ్ల నొప్పులు వచ్చాయి. ఎండలోకి వెళ్తే రెండు బుగ్గలూ ఎర్రగా కందిపోయేవి. జుట్టు కుచ్చులుగా రాలేది. అవేవీ ఎవరికీ పట్టలేదు. పక్కింటివాళ్లు గోడవతల నా గురించే మాట్లాడుకుంటున్నారని, మా అక్క అన్నంలో ఏదో కలుపుతోందని అరిచి, పళ్లెం విసిరికొట్టాను. ఆ రోజునుంచి ఊరంతా వైద్యులే. పాస్టరుగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. కొట్టు శెట్టిగారి భార్య తాయెత్తు తెచ్చింది. ఊళ్లో డాక్టరు నిద్ర ఇంజెక్షన్ ఇచ్చి, "పెళ్లి చెయ్యండి, అదే తగ్గుద్ది" అన్నాడు. నా మోకాళ్లు వాచి ఉన్నాయని ఒక్కరూ చూడలేదు.

చివరికి అక్క నన్ను బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్లింది. దారంతా ఆమెనే తిట్టాను. పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ నా మాటలకన్నా ముందు నా బుగ్గలు చూసింది, వేళ్లు నొక్కింది, రక్తం, మూత్రం పరీక్షకు పంపింది.

"ఇది ఉత్త పిచ్చి కాదమ్మా. లూపస్ అని ఒంటి జబ్బు. అదే మెదడుదాకా వెళ్లింది. దానికి మందు వేస్తే మనసూ కుదుటపడుతుంది" అని అక్కకు చెప్పింది.

"అయితే దయ్యం కాదా అమ్మా?"

"కాదు."

స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. ముందు ఉన్న కాస్త నిద్రా పోయింది. తర్వాత మెల్లగా గోడవతలి గొంతులు సద్దుమణిగాయి. ఒక పొద్దున అక్క కలిపి పెట్టిన పెరుగన్నం తిన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అసలు విసుగు ఇంటికొచ్చాక మొదలైంది. మాత్రలకు నా ముఖం ఉబ్బిపోతే, చూసినవాళ్లంతా "చానా ఒళ్లు చేశావే" అని మురిసిపోయారు. "బాగైందిగా, ఇంకా మాత్రలేంది?" అని మా బావ గొడవ. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పిన మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. ఒకరోజు సీసా తీసి అటక మీద పెట్టేశాడు. నేను గట్టిగా అరిచాను.

"చూడు, మళ్లీ మొదలైంది" అన్నాడు అక్కతో.

"ఏందీ మొదలయ్యేది బావా? నాకు కోపమొచ్చింది. కోపం కూడా రాకూడదా?"

అక్క నా ముఖంలోకి కాసేపు చూసింది. నిచ్చెన వేసుకుని సీసా దించి నా చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ చెప్పినట్టే మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, గొడుగు వేసుకుని మళ్లీ బడికి వెళ్లాను. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి, పప్పులో ఉప్పు తక్కువైందని నేనంటే చాలు, బావ వంటింటివైపు తిరిగి గొంతు తగ్గించి అడిగేవాడు: "ఏమే, మీ చెల్లెలు మాత్ర వేసుకుందా?"