లారీని దాటే బలం

నేను పుట్టు పిరికివాణ్ణి. పసితనంలో ఉయ్యాల ఊపితే ఏడ్చి, ఆపితే నవ్వేవాణ్ణని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అలాంటివాడి చేత దేవుడు ఏరికోరి పిడుగురాళ్లలో కాపురం పెట్టించాడు. ఈ ఊళ్లో మనుషులకంటే లారీలు ఎక్కువ. క్వారీ నుంచి సున్నపు బట్టీలకు రాయి మోసే లారీ ఒక్కొక్కటీ కొండవీడు కొండను సగానికి కోసి నెత్తిన పెట్టుకున్నట్టు వస్తుంది. ఇక సున్నం దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. మా వీధిలో కాకి రెండు రోజులు వాలితే కొంగ అయిపోతుంది.

మా ఆవిడ టీచరు. ఆమె బడి గురజాల దారిలో ఒక పల్లెలో ఉంది. రోజూ పొద్దున ఆమెను బండి మీద దించి వచ్చి, నా పుస్తకాల కొట్టు తెరుస్తాను. టీచర్లకు ఇప్పుడు ఫోనులో మొహం చూపిస్తేనే హాజరు. వేళ దాటాక చూపిస్తే, ఎంత చక్కని మొహమైనా ఆ ఫోను కరగదు. అందుకని లారీ వెనక తాపీగా పోదామంటే కుదరదు, దాటాల్సిందే.

ఆ దాటడమే నా ప్రాణం మీదికి వచ్చేది. మాది చిన్న ఇంజను బండి, పైగా ముసలిది. ఒకరోజు సగం లారీ దాటేసరికి దాని ఊపు అయిపోయింది. యాక్సిలరేటర్ హ్యాండిల్ ఎంత తిప్పినా నేనూ లారీ పెళ్లి ఊరేగింపులో వధూవరుల్లా పక్కపక్కనే పోతున్నాం. నా మోచేతి పక్కన తిరుగుతున్న టైరు మా ఇంటి హాలంత ఉంది. ఎదురుగా ఇంకో లారీ లైట్లు కొడుతూ వస్తోంది. చివరికి పక్క లారీ డ్రైవరే జాలిపడి వేగం తగ్గించాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. బడి దగ్గర దిగి మా ఆవిడ హాజరు కోసం లోపలికి పరిగెత్తింది. ఆమె పిడికిట్లో నలిగిన నా చొక్కా వెనక భాగం మాత్రం ఏ ఇస్త్రీకీ లొంగలేదు.

ఆ సాయంత్రమే బండిని మెకానిక్ భాయ్ దగ్గరికి తోలుకుపోయాను. ఆయన ఇంజను చప్పుడు వినగానే, పేషెంటు ముందు పెద్ద డాక్టరు పెట్టే మొహం పెట్టాడు. దీనికి దమ్ము చాలడం లేదన్నాడు. సిలిండర్ లోపలి బోరు వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వేశాడు. సైలెన్సర్ మార్చాడు. ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బొరేటర్‌ను కూడా పెద్దది పెట్టాడు. దానికి, దుమ్మును ఆపే పాత ఫిల్టర్ డబ్బా పట్టదని తీసి పక్కన పడేశాడు.

"కొత్త ఫిల్టరు గుంటూరు నుంచి రావాల సార్. వచ్చిందాకా బండి తియ్యబాకండి. మనూరి దుమ్ము సంగతి ఎరుకే గదా," అన్నాడు.

ఎరుకే. కానీ తెల్లారితే హాజరు ఉంది. ఇక్కడే నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది. మా ఊళ్లో గడప దాటేవాడెవడైనా ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా దాటడు. మనిషికి పనికొచ్చేది బండికి ఎందుకు పనికిరాదనుకున్నాను. పాత వాయిల్ చీర ముక్క ఒకటి వెతికి, నాలుగు మడతలు పెట్టి, కార్బొరేటర్ నోటికి పురికొసతో కట్టాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

బండి మాత్రం బండి కాదు, రాకెట్టు. స్టార్ట్ చేస్తే పక్క వీధిలో గేదెలు తాడు తెంపుకున్నాయి. ట్యాంకులో పెట్రోలును మజ్జిగలా గటగటా తాగేది. లారీ పక్కకు వెళ్లడమే ఆలస్యం, అవతల ఉండేవాళ్లం. నాలుగైదు రోజులు నా అంత మొనగాడు పల్నాడులో పుట్టలేదనుకున్నాను. భయం తగ్గిందా అంటే అదీ లేదు. దాటిన ప్రతిసారీ గుండె నోట్లోకి వచ్చేది, దాన్ని మింగి ఇంకో లారీని దాటేవాణ్ణి. మా ఆవిడే ఆ తేడా పట్టుకుంది.

"ఇదివరకు ఆగి, చూసుకోని దాటేవోళ్లు గదండీ. ఇప్పుడు చూడకుండానే పోతన్నారు," అంది.

బలం ఉన్నాక చూసేదేముందే అన్నాను.

ఆ మర్నాడే జరిగింది. ఊరు దాటాక ఒక రాయి లారీని దాటాను. దాటి, వేగం తగ్గిద్దామని హ్యాండిల్ వెనక్కి తిప్పాను. తగ్గలేదు. మళ్లీ తిప్పాను. హ్యాండిల్ నా చేతిలో వట్టి దారం కండెలా తిరుగుతోంది తప్ప ఇంజను దాన్ని లెక్క చేయడం లేదు, ఇంకా అరుస్తోంది. ముందు ఇంకో లారీ. దాని వెనక తలుపు పైనుంచి ఒక బండరాయి సగం బయటికి వచ్చి, లారీ ఎగిరినప్పుడల్లా నా వైపే తల ఊపుతోంది. రెండు బ్రేకులూ తొక్కాను, నొక్కాను. మాడు వాసన వచ్చింది గానీ బండి నిలబడలేదు. ఇంజనుకైతే గుర్రం బలం వచ్చింది, బ్రేకులు మాత్రం ఆ ముసలి బండివే. ఎదురుగా బస్సు వస్తోంది కాబట్టి కుడికి పోలేను. ఎడమన కాలువ.

క్లచ్ పట్టుకుంటే సరిపోయేదని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు నా ఎడమ చేయి నాది కాదు. భయపడ్డవాడి చేతివేళ్లు పట్టుకున్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాయే గాని, ఆలోచించవు. రాయి దగ్గరికొస్తోంది. దాని మీద గడ్డపార గీసిన గీత కూడా కనిపించింది. నా వీపుకు ఆనుకుని ఇంకో మనిషి ఉందన్నదొక్కటే నా తలలో మిగిలింది. రాయి మొదట తగిలేది నాకే, కానీ అక్కడితో ఆగదు.

"ఆపండి."

"ఆగట్లేదే."

అంతే, ఆమె నా భుజం మీదుగా మొత్తం ముందుకు వాలింది. గాజులు నా చెవికి గీసుకున్నాయి. చేయి చాచి తాళంచెవి తిప్పేసింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో బండి లారీ వెనక ఇంకాస్త దూరం జారుకుంటూ పోయి, కాలువ అంచున ఆగింది. లారీ ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది.

ఇద్దరం రోడ్డు మార్జిన్‌లో నిలబడ్డాం, కనురెప్పల దాకా సున్నం. నేను వంగి కార్బొరేటర్ నోట్లో వేలు పెట్టి లాగాను. పురికొస సడలి, గుడ్డ లోపలికి పీల్చుకుపోయింది. హ్యాండిల్ తిప్పితే లోపల గాలి దారిలో పైకీ కిందికీ ఆడే ముక్క కింద గుడ్డ కొస ఇరుక్కుని, దాన్ని దిగనివ్వలేదు, అందుకే వేగం తగ్గలేదు. లాగేకొద్దీ గారడీవాడి నోట్లోంచి వచ్చినట్టు గుడ్డ వస్తూనే ఉంది. ఆమె దాన్ని అందుకుని, దులిపి, అంచు చూసింది.

"ఇది నా చీర గదా," అంది. ఆ తర్వాత వెళ్లి రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయింది.

ఆరోజు షేర్ ఆటోలో వెళ్లింది. మర్నాడూ అంతే. నేను కొట్టు తెరవకుండా ఆమె ఫోను కోసం కూర్చునేవాణ్ణి. పన్నెండు మందిని కూరుకున్న ఆ ఆటో లారీలను ఎలా దాటుతుందో నాకు తెలుసు మరి. మూడోరోజు భాయ్ దగ్గరికెళ్లి పాత సైలెన్సర్, పాత కార్బొరేటర్, ఫిల్టర్ డబ్బా అన్నీ ఎక్కడివక్కడ పెట్టించాను. ఇంజన్ను ఉబ్బించడం పనికొచ్చేదేనా అని ఇప్పుడు ఎవరైనా కొట్టు దగ్గర అడుగుతారు. బ్రేకులు, టైర్లు, ఓపిక, ఈ మూడూ ముందు పెంచుకోండి, తర్వాత మాట్లాడదాం అంటాను. వాళ్లు నవ్వి వెళ్లి భాయ్‌నే అడుగుతారు.

పాత సరుకంతా బిగించిన మర్నాడు, బండి దగ్గర ఆమె వంగి ఫిల్టర్ డబ్బా చూసి, తర్వాత ఎక్కింది. దారిలో ఒక రాయి లారీ తగిలింది. దాటడానికి చోటున్నా, దాని వెనకే ఉండిపోయాను.

"హాజరు పడదే మరి," అన్నాను.

"పడకపోతే సెలవు రాసుకుంటా. మీరు మెల్లగానే పోండి."

అంతలో వెనకనుంచి ఒక బండి ఊరు అదిరిపోయే చప్పుడుతో వచ్చింది. నడిపేది నా వయసువాడే. వెనక ఒకామె పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హారన్ కొట్టి, మమ్మల్ని దాటి, లారీ పక్కకు దూరిపోయాడు. దుమ్ములో ఏమీ కనపడలేదు. మా ఆవిడ పిడికిలి మళ్లీ నా చొక్కా పట్టుకుంది. ఆ చప్పుడు లారీకి అవతల వినిపించేదాకా మేమిద్దరం ఊపిరి వదల్లేదు.