ఊ కొట్టే మనిషి

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. నేను చెబుతుంటే మధ్యమధ్యలో ఊ అనండి, లేకపోతే నాకు మాట సాగదు.

మా ఆయన బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, చాప మీద ఒరిగి "ఏదన్నా చెప్పవే" అనేవాడు. నేను కథ ఎత్తుకునేదాన్ని. ఆయన కళ్లు మూసుకునే ఊ కొట్టేవాడు. ఊ ఆగిందంటే నిద్రపోయాడని అర్థం. మర్నాడు సరిగ్గా అక్కడినుంచే మొదలుపెట్టేదాన్ని. ఆయన పోయాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, చర్ల దారిలో ఉన్న మా పుట్టినూరికి వచ్చాను. ఇక్కడి బడిలో మధ్యాహ్నం వంట చేస్తాను. కథలన్నీ నాలో అలాగే ఉన్నాయి, ఊ కొట్టే మనిషి లేడు. పప్పు కలుపుతూ ఒకటి రెండుసార్లు నాకు నేనే చెప్పుకోబోయాను గానీ, నాలుగు మాటలకే ఆగిపోయింది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా బడిలో టీచర్లకు నాలుగు రోజుల ట్రైనింగ్ పెట్టారు. పిల్లలకు కథల పుస్తకాలు ఎలా చదివి వినిపించాలో నేర్పే ట్రైనింగ్. వంట నాదే. ఖమ్మం నుంచి వచ్చిన సారు అందరినీ జతలు కట్టాడు. ఒకరు టీచరు, ఒకరు పిల్ల. వచ్చింది పదకొండు మంది కావడంతో ఒక అమ్మాయి మిగిలిపోయింది. కల్లూరు వైపు పిల్ల, కొత్త ఉద్యోగం. అడవి లోపల ఒక్క టీచరే ఉండే బడి ఆమెది. సారు వంటగది వైపు చూశాడు.

"అవ్వా, జర వచ్చి పిల్ల లెక్క కూసో."

"పప్పు అడుగంటితే మీరే తినాలె సారూ," అంటూ చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లి ఆమె ఎదుట కూర్చున్నాను.

పుస్తకంలో వాగు దాటనని మొండికేసిన మేక కథ ఉంది. ఆ అమ్మాయి బొమ్మ నావైపు తిప్పి చదివింది. గొంతు వణుకుతోంది. మేక ఒడ్డున నిలబడ్డ పేజీ దగ్గర, సారు నేర్పినట్టే ఆగి, "ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నావు?" అని అడిగింది. అడిగితే నేను ఊరుకుంటానా. మేక ఎవరిది, ఆ వాగు ఏ గుట్ట మీద పుట్టింది, మేకపిల్ల అవతలి ఒడ్డున ఎలా తప్పిపోయింది, అంతా ఎత్తుకున్నాను.

సారు వచ్చి పక్కన నిలబడ్డాడు. "అవ్వా, నువ్వు ఇనేదానివి. చెప్పేదానివి కాదు."

"అడిగింది మేడమే గద సారూ."

పక్కవాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది, పొద్దుటినుంచి అదే మొదటిసారి.

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నోరు కట్టుకున్నాను గానీ, ఊ మాత్రం ఆగలేదు. రెండు పేజీలు పోయేసరికి ఆమె గొంతులో వణుకు తగ్గింది. చదవడం ఆపి నన్ను చూసింది.

"మా బడి పిల్లలు ఇంట్లో కోయ భాష మాట్లాడతారు అవ్వా. నేను చదువుతుంటే గమ్మున చూస్తారు. వింటున్నారో లేదో తెలీక మధ్యలోనే పుస్తకం మూసేస్తాను."

"ఊ కొట్టమని చెప్పినవా?"

"అది ట్రైనింగులో లేదుగా."

"గిదేం ట్రైనింగు బిడ్డా," అన్నాను.

మర్నాటి నుంచి వంట జల్దీ ముగించి, పిలవకుండానే వెళ్లి కూర్చున్నాను. మూడో రోజు భోజనాలయ్యాక, మిగతావాళ్లు గోడలకు ఒరిగి కునికిపాట్లు పడుతుంటే, ఆమె పుస్తకం పక్కన పెట్టి "ఇప్పుడు మీరు చెప్పండి," అంది. చెప్పాను. ఆమె ఊ కొట్టింది. మా ఆయన ఆఖరిసారి వింటూ నిద్రపోయిన చోట ఆగిన కథ ఒకటి ఉంది, దాన్ని ఆ మధ్యాహ్నం చివరిదాకా చెప్పాను.

ఆఖరి రోజు, బీడీల తునికాకు కోతకు అడవికి పోగా ఊళ్లో మిగిలిన పిల్లలను పిలిపించారు. ఆ అమ్మాయి ముందే వాళ్లతో "నేను చదువుతుంటే మీరు ఊ అనాలి," అంది. మేక వాగు దగ్గరికి వచ్చేసరికి గదంతా ఊ. సారు ఏదో రాసుకున్నాడు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి నేనూ ఊ అన్నాను. అంతమంది గొంతుల్లో నాది ఆమెకు వినిపించి ఉండదు. ఆమె ఇటు చూడలేదు కూడా. చూడాల్సింది పిల్లలనే కదా.

ఆటో ఎక్కేముందు ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. "బడి తెరిచాక మిమ్మల్ని తీసుకెళ్తాను అవ్వా. మా పిల్లలకు చెబుదురుగాని."

"అవ్, వస్త," అన్నాను.

బడులు తెరిచారు. వానలకు ఆమె బడి దారిలో వాగు పొంగి రోడ్డు తెగింది. తర్వాత రోడ్డు వేశారు, ఆమె కబురు మాత్రం రాలేదు. మర్చిపోయిందని అనను. అక్కడ ఫోను కలవదు.

నేను చదివింది మూడో తరగతి దాకే. మధ్యాహ్నం గిన్నెలు తోమి ఇంటికి వచ్చాక, కూడబలుక్కుంటూ ఆ పుస్తకం పైకి చదువుతాను. మేక ఒడ్డున నిలబడ్డ పేజీ దగ్గర ఆగుతాను. ఆగాలని నేర్పారు కదా. బొమ్మను ఆయన ఒరిగే చాప వైపు తిప్పి పట్టుకుంటాను. కాసేపు చూసి, పేజీ తిప్పుతాను.

ఇంతసేపూ ఊ కొట్టారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీలో ఎవరు నోరు తెరిచినా, ఊ అనే గొంతు ఒకటి ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.