పాకలో ఇప్పపువ్వు

మా మామకు బుగ్గ లోపల లేచిన పుండు బయటికి తెరుచుకున్నాక ఇల్లంతా వాసన. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. పెద్దాసుపత్రిలో కాగితాలు తిరగేసి, "క్యాన్సర్ బాగా ముదిరింది. ఘర్ లే జావో, ఇంటికి తీసుకుపోయి సేవ చేసుకోండి" అన్నారు. ఏం సేవ చెయ్యాలయ్యా అని అడిగితే ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

ఎవరూ పొమ్మనకుండానే ఆ చలికాలంలో మామ తన మంచం పశువుల పాకలోకి లాక్కుపోయాడు. మేమూ వద్దనలేదు. ఎండలు ముదిరాక, వాకిట్లో ఆరబోసిన ఇప్పపువ్వును బుట్టకెత్తి తెచ్చి మంచం చుట్టూ పోసుకోవడం మొదలుపెట్టాడు.

"ఏంది మామా ఇది? ఆవులు తొక్కి ఆగం చెయ్యవా?" అని కసిరేదాన్ని. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకునేవాడు. పువ్వు ఘాటుకు తన వాసన తెలియకుండా పోతుందని ఆయన ఆశ. అది నా బుర్రకెక్కడానికి పది రోజులు పట్టింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నొప్పి మాత్రల కోసం కొంటా ఊరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి నర్సమ్మకు ఈ వాసన సంగతి చెప్పి ఏడ్చేశాను. ఆమె ఒక మాత్రల అట్ట చూపించింది. "విరేచనాలకు ఇస్తాం చూడు, గదే ఇది. ఉప్పునీళ్లతో పుండు కడిగి, దీన్ని మెత్తగా నూరి చల్లి కట్టు కట్టు. రోజూ చెయ్యి. వాసన తగ్గుద్ది" అంది.

అదే మాత్ర! పోయిన వానాకాలం తెచ్చింది సగం అట్ట మా ఇంటి గూట్లోనే పడి ఉంది. ఒళ్లు మండిపోయింది. అంతంత చదువులు చదివినవాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా? జీపులో ఇల్లు చేరేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

నాలుగో రోజుకు వాసన చాలామటుకు పోయింది. లోపలికి రా మామా అంటే ఆయన నమ్మడే!

"నా మనసు కోసం చెప్తున్నవ్ బిడ్డా" అన్నాడు, మాట నలిగిపోతుంటే.

నాకు చిర్రెత్తింది. కోడలు మామ మంచం మీద కూర్చోవడం మా వైపు తప్పు. అయితే అయింది. కంచం తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుని, పప్పు కలుపుకుని కడుపునిండా తిన్నాను. ఆయన నా కంచం ఖాళీ అయ్యేదాకా చూశాడు. తర్వాత పువ్వును కాలితో పక్కకు నెట్టాడు.

ఆ సాయంత్రం మంచం మళ్లీ ఇంట్లోకి, మా అత్త మంచం పక్కకు చేరింది. గంజి తాగుతూ మామ అడిగాడు:

"ఈ మందు ఇంతకుముందు లేకుండెనా బిడ్డా?"

ఐదు నెలలు పాకలో పడుకున్న మనిషికి ఏమని చెప్పను?

"లేదు మామా, ఇప్పుడే కొత్తగా వచ్చింది" అన్నాను. ఆయన అటు తిరగగానే గూట్లోని పాత అట్ట తీసి కొంగున ముడేసుకున్నాను.