అడవంతా నరికినా కదలని పంది

కాఫీ తోటలో ఎలుగుబంటి నన్ను తరిమింది. ఘాట్ రోడ్డులో బ్రేకులు పోయిన జీపు వెనక వేలాడుతూ కిందికి దిగాను. అయినా నా బతుకులో నేను గజగజ వణికింది ఒక్కసారే, అదీ ఒక పందిని చూసి. ఆ పంది నా మీదికి ఉరకలేదు, కోరలు చూపలేదు, కనీసం గుర్రుమనలేదు. కదలకుండా నిలబడింది, అంతే. కదలని పందిని చూసి భయమెందుకు అని మీరు అడుగుతారు. మీ వెనక మా గూడెం ఆడవాళ్లు పేడనీళ్ల బకెట్లతో నిలబడి లేరు కాబట్టి అడుగుతారు.

మాది అనంతగిరి కొండల్లో ఓ గూడెం. చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తాం. చేటల్లో విత్తనాలు పోసి పూజ పెడతారు, మగవాళ్లంతా అడవికి వేటకు పోతారు. గడపకొకడు పోయి తీరాలి, ఎవరినీ వదలకూడదు. వేట దొరికితే విత్తనాలకు మంచి శకునం. దొరక్కపోతే ఆడవాళ్లు దారి కాచి, ఉత్తచేతులతో వచ్చిన మగవాళ్ల మీద పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఇది సరదాకే చేస్తారని బయటివాళ్లు రాస్తుంటారు. రాసినవాళ్లెవరి మీదా ఆ నీళ్లు పడలేదని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు అడవిలో జంతువును కొడితే అటవీశాఖ వాళ్లు పట్టుకుపోతారు. అది న్యాయమే. అందుకని మావాళ్లు కొన్నేళ్లపాటు అడవిలో ఊరికే తిరిగి, ఎండలో మాడి, వచ్చి తడిశారు. నేను చెప్పబోయే పండగకు ముందు ఏడు మా లచ్చన్న మావ బండ మీంచి జారి కాలు కూడా విరగ్గొట్టుకున్నాడు. తాను పందిని తరుముతుంటే జారానని ఆయన అంటాడు. తరిమింది ఎవరు, పరిగెత్తింది ఎవరు అన్న విషయంలో గూడెంలో ఇంకో అభిప్రాయం ఉంది. సరిగ్గా ఆ ఏడే చోళ్లు, అదే రాగులు, కూడా ఎండిపోయాయి. కంకి గింజ పట్టక, ఇంటింటా అంబలి కుండలు బోర్లించారు. వేట దక్కకపోబట్టే విత్తనాలు అలిగాయని ఆడవాళ్లు తేల్చేశారు.

ఈ చిక్కు విప్పడానికి దేవుడు పంపిన దూతను నేనే అనుకున్నాను. నాకప్పుడు తెలివి తక్కువ, ఇంటర్నెట్ ఎక్కువ.

"వేట కంప్యూటర్లో ఆడీదాం," అన్నాను పెద్దల ముందు నిలబడి. "అడివి ఉంటాది, పంది ఉంటాది. అటవీశాఖోళ్లు రారు. ఎవులికీ కాలిరగదు."

మాకు ముహూర్తాలు పెట్టే దిసారి బిసు తాత చుట్ట పక్కన పెట్టాడు. "పంది సత్తాదేట్రా?"

"సత్తాది తాతా."

"రగతం కారతాదా?"

"కావలసినంత."

"కలలోన సేసిన వేట కూడా వేటేనని మా తాత అనీవోడు. మరింకేటి, ఆడండి."

లచ్చన్న మావ భార్య సోములత్త మాత్రం లేచింది. గూడెం ఆడవాళ్లకు ఆవిడే నాయకురాలు. "ఒరే కామేశూ, ఇది ఆట కాదు. ఇత్తనాల సంగతి. పంది పడకపోతే ఏటి సేత్తావు?"

"మగోళ్లందరి పేడనీళ్లూ నా ఒక్కడి మీదే పొయ్యండత్తా," అన్నాను.

మగవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లు అంత గట్టిగా చప్పట్లు కొట్టినప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఇక నా కంప్యూటర్ సంగతి. అరకులో ఓ శిక్షణ కేంద్రం మూతపడితే అక్కడినుంచి తెచ్చుకున్నది. అందులో ఉన్న ప్రాసెసర్ ముసలిది, ఉత్తరాలు టైపు చేయడానికి పుట్టింది. ఆ ముసలిదానికి నేను విశాఖపట్నం వెళ్లి, కాఫీ పళ్లు అమ్మగా వచ్చిన నా వాటా అంతా పోసి, ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించాను. మింగ మెతుకు లేని ప్రాసెసర్ మీసాలకు సంపెంగ నూనె రాశానన్నమాట. కార్డు ఎంత పొడవంటే పెట్టె తలుపు మూతపడలేదు. అడ్డతీగ నారతో పేనిన తాడుతో కట్టి, పక్కభాగం తెరిచే ఉంచాను.

సోములత్త కూతురు సుక్రి పాడేరులో డిప్లొమా చదువుతోంది. వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది.

"బావా, ప్రాసెసర్ మార్సినావా?"

"దానికేటి, బాగానే ఉంది. బొమ్మలేసీది కార్డు కదా."

"బొమ్మలేసీది కార్డే. పంది ఎటెల్లాలో, కుక్క ఎటు తిరగాలో లెక్క కట్టి కార్డుకి సెప్పీది ప్రాసెసరు. అది బేగి సెప్పకపోతే కార్డు ఈగలు తోలుకుంటూ కూకుంటాది."

"నువ్వు సదువుకున్నావు, నాను ఆడుకున్నాను. ఆట సంగతి ఎవులికి తెలుస్తాది?"

"సరే బావా," అంది. ఆ 'సరే'లో ఎంత జాలి ఉందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పెద్దలకు ముందే ఓసారి చూపించాను. జంతువు ఒక్కటీ లేని అడవిలో మెల్లగా నడిపించాను. ఆకు మీద మంచుబిందువు మెరిసింది, జలపాతం తుంపర లేచింది, ఎక్కడా తడబాటు లేదు. నోళ్లు తెరిచి చూశారు. అక్కడే మునిగాను. థింసా నాట్యానికి జనం చేతులు పట్టుకుని నిలబడితే సరిపోతుందా, డప్పు కొట్టేవాడు కొట్టాలి కదా. ఆ పరీక్షలో నా డప్పువాడికి, అంటే ప్రాసెసర్‌కు, నేను పనే పెట్టలేదు. వాడు జీలుగు కల్లు తాగి నిద్రపోతున్న సంగతి నాకెలా తెలుస్తుంది?

దానికి తోడు మా ఆచారం ఒకటి. వేటకు గడపకొకడు పోవాలి కదా. ఆటలో తోడు వేటగాళ్లను పెట్టుకునే వీలుంది. మామూలు మనిషి ఇద్దరిని పెట్టుకుంటాడు. నేను గడపకొకడి చొప్పున గూడెం మొత్తాన్నీ ఎక్కించి, ప్రతివాడి తల మీదా పేరు రాశాను. మగాడు లేని గడప తరఫున కుక్కను పెట్టాను. ఇంతమంది ఎక్కడ అడుగు వేయాలో ఆ ముసలి ప్రాసెసర్ ఒక్కటే ఆలోచించాలని నాకు తట్టలేదు. ఈ పొరపాటు చేయడానికి ప్రపంచంలో ఇంకెవరికీ అవకాశం లేదు. దానికి మా గూడెంలోనే పుట్టాలి.

పండగ రోజు సామాజిక భవనంలో పెద్ద టీవీ ముందు విత్తనాల చేటలు పెట్టారు. పొద్దు కొండ వెనక్కి దిగేలోగా పంది పడాలని దిసారి తాత గడువు పెట్టాడు. మగవాళ్లు ముందు కూర్చున్నారు. ఆడవాళ్లు వెనక నిలబడ్డారు, కాళ్ల దగ్గర బకెట్లు. వాసనను బట్టి పొద్దుటి నుంచి నానబెట్టారని తెలిసింది.

మొదట్లో సందడిగానే సాగింది. తెర మీద తన పేరు చూసుకుని ప్రతివాడూ మురిసిపోయాడు.

"నాకు పొట్టెక్కడిదిరా అంత?" అన్నాడు లచ్చన్న మావ.

"కాలు మాత్రం బాగుంది కదా మావా," అన్నాను.

అప్పుడు పొదలోంచి పంది వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. కుక్కలు తిరిగాయి, గూడెం మొత్తం కదిలింది. అంతే, తెర ఆగిపోయింది. ఒక అడుగు పడింది, మళ్లీ ఆగింది. తెర మూలన చిన్న అంకెలు చూశాను. ప్రాసెసర్ నూటికి నూరు పాళ్లు చెమటోడుస్తోంది. కార్డు నూటికి పది పాళ్లు కూడా పని చేయడం లేదు.

"ఏట్రా, పంది నిలబడిపోనాది?" అన్నాడు బిసు తాత.

"ఆలోసిత్తంది తాతా."

"పందికి ఆలోసనేట్రా?"

వెనక ఓ బకెట్టు నేల మీద జరిగిన చప్పుడైంది. భయంలో మనిషి తెలిసిన పనే చేస్తాడు, సరైన పని చేయడు. నాకు తెలిసింది ఒక్కటే, ఆట ఆగితే బొమ్మ నాణ్యత తగ్గించడం. గడ్డి తీసేశాను. పంది కదల్లేదు. నీడలు తీసేశాను. జలపాతం ఆపేశాను. ఆకులు రాల్చేశాను. చెట్లు కరెంటు స్తంభాల్లా మిగిలాయి, కొండ బురదముద్దలా అయింది. పంది మాత్రం ఒక కాలు పైకెత్తి, దించడమా మానడమా అన్నట్టు నిలబడే ఉంది.

"ఒరే కామేశూ," అన్నాడు తాత బాధగా. "పందిని కొడితే తప్పన్నారని కదా ఇక్కడికొచ్చినాం. నువ్వు అడివే నరికేత్తన్నావు."

"అడివంతా నరికేసినా పంది కదల్నేదు సూడు," అంది సోములత్త. ఆవిడ చూపు పంది మీద లేదు. చేటలోని చోళ్ల మీద ఉంది. ఆ మొహంలో నవ్వులేదు. కిందటేడు బోర్లించిన అంబలి కుండ ఆవిడకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది. అప్పుడు నాకు పేడ భయం కన్నా పెద్ద భయం వేసింది. ఈ ఏడు కూడా పంట పోతే అందరూ నా వైపే చూస్తారు.

సుక్రి వచ్చి నా చెవిలో అంది. "కార్డు పని తగ్గిత్తే ఏటి లాభం బావా, అది ముందే కాళీగా ఉంది. ప్రాసెసర్ మీద బరువు దించు. మనుసుల్ని తీసెయ్."

నిజమే అనిపించి మీట నొక్కాను. పెద్ద టీవీ మీద, పెద్ద అక్షరాలతో ప్రశ్న వచ్చింది: ఎవరిని తొలగించాలి? బాణం గుర్తు సరిగ్గా లచ్చన్న మావ పేరు మీద ఆగింది.

మగవాళ్లంతా మావ వైపు తిరిగారు.

"కాలిరిగినోడినని నన్ను తీసేత్తావేట్రా?" అన్నాడు మావ మెల్లగా.

"నేదు మావా, సెయ్యి జారింది."

బాణాన్ని పక్కకు జరిపాను. ఆ పేరు గల మనిషి భార్య వెనకనుంచి అంది. "మాయింటోడు నీకేటి అన్నేయం సేసినాడు?"

ఇంకో పేరు మీదికి జరిపాను. ఆ పేరు గలవాడు లేచి నిలబడ్డాడు. ఇటుకల వేట నుంచి మనిషిని తీసేయడమంటే ఆ గడపను గూడెంలోంచి తీసేయడమే.

"కుక్కల్ని తీసేత్తాను," అన్నాను.

"ఆ కుక్క మా గడపది," అంది ఓ ముసలమ్మ.

ముందు పంది, వెనక పేడ. గుమ్మం దగ్గర ఎండ పలచబడింది. ఇక నాకు ఏ ఉపాయమూ మిగల్లేదు. కదలని పందికి గురిపెట్టి తుపాకి మీట నొక్కాను. పేలలేదు. మళ్లీ నొక్కాను. కొండదేవతను తలచుకుని, వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను. ఉన్నట్టుండి పంది ఎత్తిన కాలు దించింది. ఆ తర్వాతి బొమ్మలో పంది అక్కడ లేదు. ఆ తర్వాతి బొమ్మలో తెర నిండా దాని ముక్కు ఉంది. తెర ఎర్రబడింది. మీరు చనిపోయారు అని అక్షరాలు వచ్చాయి. నేను చచ్చాక, నింపాదిగా, నా తుపాకి వరసగా పేలింది.

సుక్రి ఒక్కతే కదిలింది. పరుగున పోయి గోడకు తగిలించిన ఆకుల వానగిడుగు తెచ్చింది. నాకు కప్పడానికేమో అనుకుని గుండె కరిగింది. నన్ను దాటిపోయి కంప్యూటర్‌కు కప్పింది.

"అది ఏ పాపమూ సెయ్యనేదు," అంది.

బిసు తాత తెరకు దగ్గరగా వచ్చాడు. "అడివిలోన రగతం పడిందా?"

"పడింది," అన్నారు మగవాళ్లు.

"ఎవులిది?"

"ఈడిది."

"రగతం రగతమే. వేట జరిగింది. కాపోతే పంది గెలిసింది. ఇత్తనాలు పంచండి."

సోములత్త పెద్దగా ఊపిరి వదిలింది. చేట అందుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా ప్రాణం లేచి వచ్చింది. ప్రాణంతోపాటు నోరు కూడా లేచింది.

"అత్తా, ఉత్తసేతుల్తో తిరిగొచ్చినోడికే కదా పేడనీళ్లు? నాను తిరిగే రానేదు, అక్కడే సచ్చిపోనాను."

అత్త ఆలోచించింది. "నిజిమే. తిరిగి రానోడి మీద పొయ్యకూడదు."

రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను. అప్పుడు గిడుగు పక్కనుంచి సుక్రి గొంతు వినిపించింది.

"అమ్మా, సచ్చినోడికి తానం సెయ్యించొద్దేటి?"

శాస్త్రం చెప్పింది కూతురు, జరిపించింది తల్లి. గడపకో బకెట్టు చొప్పున, ఏ గడపనూ వదలకుండా, ఎంతో శ్రద్ధగా నాకు స్నానం చేయించారు. మగవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ ఏడు మా గూడెంలో చోళ్లు విరగపండాయి. కంకులు బరువుకు వంగిపోయాయి. నేనూ బుద్ధి తెచ్చుకుని, కార్డుకు తగ్గ ప్రాసెసర్, దానికి తగ్గ బోర్డు కొన్నాను. ఇప్పుడు గూడెం మొత్తాన్ని ఎక్కించినా ఆట ఆగదు. పంది వచ్చిందంటే ఒక్క గుండుకు పడుతుంది. ఆ సంగతి తెలిసి, మళ్లీ చైత్రం వచ్చేముందు బిసు తాత పెద్దలను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"కొత్త మిసిన్లోన పంది సత్తందంట కదా?"

"సత్తాది తాతా," అన్నాను గర్వంగా.

"అలగైతే పాతదే పెట్టు నాయనా. నువ్వు సచ్చిన ఏడే పంట పండింది."

కాబట్టి, పాఠక మహాశయులారా, కొండదేవత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ముసలి ప్రాసెసర్‌కు పడుచు కార్డును ముడిపెట్టను, చైత్రంలో ఒక్క రోజు తప్ప. ఆ రోజు మాత్రం అటక మీది పాత పెట్టె దించి, గడపకొకడిని ఎక్కించి, పొద్దు దిగేలోగా పద్ధతిగా చస్తాను. స్నానం నీళ్లు కాస్త పలచగా కలపమని అత్తను బతిమాలుకున్నాను. పంటను బట్టి చూద్దామంది.