అంచుదాకా నీళ్ళు

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో సుక్కమ్మ కొర్రమట్టలు అమ్మేది. బేసిన్‌లో చేపలు తడిసేటన్ని నీళ్ళు పోసి, పైన గోనె సగమే కప్పేది. చిన్నప్పుడు కూతురు స్టెల్లా బిందెడు నీళ్ళు కుమ్మరించి పళ్ళెం మూత పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "నిండ పోసి మూతవెడితె సస్తయే బిడ్డా! కొర్రమట్ట పైకొచ్చి గాలి మింగాలె."

ఆ దెబ్బ తిన్న పిల్లే జువాలజీలో ఎమ్మెస్సీ చేసింది. టీచరవుతుందని చుట్టాలు ఎదురుచూస్తుంటే, సాగర్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన అక్వేరియంలో చేపల బాగోగులు చూసే పనిలో చేరింది. "ఇంత సదివి చేపలకు ఆయానా?" అని నవ్వారు. నవ్వితే నవ్వారు, పోనీ! అక్కడికి ముంజేయంత అరపైమా చేపపిల్ల వచ్చింది, ఎక్కడో అమెజాన్ నది జాతి. స్టెల్లా దానికి చేత్తో మేత పెట్టింది, పుండు పడితే మందు వేసింది, సిన్నోడా అని పిలిచింది. ఏళ్ళు గడిచేసరికి సిన్నోడు ఆమెకంటే పొడుగయ్యాడు. కొర్రమట్టలాగే పది పదిహేను నిమిషాలకోసారి పైకి తేలి గుటుక్కున గాలి మింగేవాడు. అందుకే తొట్టిలో పైన జానెడు ఖాళీ ఉండి తీరాలని స్టెల్లా కట్టుబాటు పెట్టింది.

కొత్త హాలు ప్రారంభానికి పెద్ద నాయకుడొకాయన వస్తున్నాడు. మేనేజర్ కిరణ్ కుమార్‌కు ఆ జానెడు ఖాళీ కంట్లో నలుసైంది. ఫొటోలో బాగుండదట! పైగా పోయిన వారం సిన్నోడు ఎగిరి ఎవరో అతిథి బట్టలు తడిపాడు. అంచుదాకా నీళ్ళు నింపించి, పైన అద్దం పలక బిగించేశాడు.

"సార్, ఊపిరాడక సస్తది," అంది స్టెల్లా.

"చేపకు ఊపిరాడకపోవుడేందమ్మా, ఉండేదే నీళ్ళల్ల గదా!" హాలంతా గొల్లుమంది. "బుడగల మోటర్ నడుస్తనే ఉంది. ఫికర్ జెయ్యకు, సార్ బొంగుళూరు గేట్ దాటిండు. ఐదు నిమిషాల పని. ఈ నెల నిన్ను పర్మినెంట్ చెయ్యమని నేనే చెప్పిన, యాదికున్నదా?"

యాదికుంది, ఎందుకుండదు? మోకాళ్ళు అరిగి తల్లి అమ్మకం మానేసింది. ఇల్లు ఈమె జీతం మీదే నడుస్తోంది. ఐదు నిమిషాలే కదా అని సరిపెట్టుకుంది. కాకపోతే తొట్టి వెనక నీళ్ళు వదిలే వాల్వ్ దగ్గరికి పోయి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. ఒక్క తిప్పు తిప్పితే చాలు.

చెప్పిన వేళకు వస్తే ఆయన నాయకుడెలా అవుతాడు! దారిలో ఎవరో దండలు వేశారట, ఎవరో టీకి దింపుకున్నారట. సిన్నోడు పైకొచ్చాడు. మూతి అద్దానికి తగిలింది. కిందికి పోయి మళ్ళీ వచ్చాడు, ఈసారి ఠప్పున కొట్టాడు.

"అరె, నమస్తే పెడ్తున్నది సూడుండ్రి!" అన్నారెవరో. జనం చప్పట్లు కొట్టి ఫోన్లు ఎత్తారు.

"సార్, నీళ్ళు ఇడుస్తున్న!" అని స్టెల్లా కేకేసింది.

"జర ఆగు! కార్లు గేట్లకొచ్చినయ్!"

ఆగింది. అయ్యో, ఆగింది! సిన్నోడు ఇంకోసారి కొట్టాడు, అంత గట్టిగా కాదు. ఆ తర్వాత పైకి రాలేదు. అప్పుడు ఎవరినీ అడగకుండా వాల్వ్ తిప్పేసింది. నీళ్ళు దిగాయి, ఆ జానెడు ఖాళీ మళ్ళీ వచ్చింది. సిన్నోడు అడుగున ఇసుక మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. మొప్పలు కదలడం లేదు.

నాయకుడు వచ్చి రిబ్బన్ కత్తిరించాడు. కిరణ్ కుమార్ ఆమె చెవి దగ్గర, "పండుకున్నదని చెప్పు," అన్నాడు.

"మస్తుగుందమ్మా చేప," అన్నాడు నాయకుడు అద్దంలోకి వంగి. "పండుకున్నదా?"

స్టెల్లా తొట్టి వెనక నుంచి ముందుకొచ్చింది.

"లేదు సార్, సచ్చిపోయింది. ఊపిరాడక సచ్చింది. వాల్వ్ నా చేతిలనే ఉండె. మీరొస్తరని ఆగిన."